మెరిసే పసుపు వెనుక సీసం

రంజాన్ నెలకు ముందు మన సొసైటీ పంచే రేషన్ కిట్‌లో బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, ఖర్జూరాలు, సేమియాతోపాటు పావుకిలో పసుపు పొడి కూడా ఉంటుంది. కిందటేడు పసుపు ఒకే దుకాణంలో సరిపడా దొరకలేదు. మిగతాది ఇంకో దుకాణంలో కొన్నాం. ఒకచోటిది కాస్త మట్టిరంగు కలిసినట్టున్న పసుపు. రెండోచోటిది కళ్లు చెదిరే పసుపు, ధర కూడా కొద్దిగా తక్కువే. పంపిణీ రోజున ఒక సోదరి తన సంచిలోని ప్యాకెట్‌నూ, పక్కామె ప్యాకెట్‌నూ పోల్చి చూసుకుని మా దగ్గరకు వచ్చింది. "భాయ్, నాకు పాత పసుపు ఇచ్చినట్టున్నారు. ఆమెకు ఇచ్చినట్టే నాకూ మంచిది ఇవ్వండి" అంది. మేము నొచ్చుకుని, వెంటనే మార్చి ఇచ్చాం.

ఆ తర్వాత కొన్ని నెలలకు పసుపు గురించి జరిగిన పరిశోధనలు మా కంటపడ్డాయి. చదివాక మాకు మొదట గుర్తొచ్చింది ఆ సోదరే. ఆమెకు మేము మార్చి ఇచ్చింది ఏమిటో మాకు తెలియదు. అది మంచి పసుపే కావచ్చు. కాకపోనూ వచ్చు. పరీక్షకు పంపుదామంటే ప్యాకెట్లన్నీ వంటిళ్లకు వెళ్లిపోయాయి, చిటికెడు కూడా మిగల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

సీసం అనే మాట మన రాష్ట్రాల్లో ఇంటింటా వినిపించిన సందర్భం ఒకటుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలు, వాంతులతో పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్న వార్తతో అందరూ నీళ్ల ట్యాంకుల వైపు, కూరగాయల వైపు అనుమానంగా చూశారు. తర్వాత జరిగిన పరిశీలనలు పురుగుమందుల వైపు వేలు చూపాయి. ఆ సంఘటన సీసం మీద ఒక తప్పుడు అభిప్రాయాన్ని కూడా మిగిల్చింది. సీసం ఒంట్లోకి వెళితే మనిషి వెంటనే పడిపోతాడని చాలామంది అనుకున్నారు. మామూలుగా సీసం అలా చేయదు. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఒంట్లో చేరుతుంది. పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళతాం. లెక్కల్లో వెనకబడిన పిల్లవాడిని తీసుకెళ్లం, మందలిస్తాం.

సీసం చేసే మోసం శరీర రసాయనంలో ఉంది. అది కాల్షియంలా వేషం వేస్తుంది. ఎముకకు, నరాలకు, మెదడుకు కాల్షియం అవసరం కాబట్టి శరీరం దానికోసం తలుపులు తెరిచి ఉంచుతుంది. ఆ తలుపుల్లోంచే సీసం లోపలికి వెళ్లిపోతుంది. మెదడులో ఒక నరకణం ఇంకొక నరకణానికి కబురు పంపే ఏర్పాటును చెడగొడుతుంది. రక్తంలో ఎర్రరంగు పదార్థం తయారు కావడానికి కావలసిన ఎంజైములను అడ్డుకుని రక్తహీనత తెస్తుంది. మిగిలినది ఎముకల్లో దాక్కుని దశాబ్దాలపాటు ఉండిపోతుంది. ఆడపిల్ల చిన్నప్పుడు తిన్న సీసం ఆమె గర్భవతి అయినప్పుడు ఎముకల్లోంచి మళ్లీ రక్తంలోకి దిగి, మావి దాటి కడుపులోని బిడ్డకు చేరుతుంది. తల్లి ఆ రోజుల్లో ఎంత శుభ్రంగా తిన్నా సరే.

పెద్దవాళ్లు మింగిన సీసంలో సుమారు పదో వంతు రక్తంలోకి వెళితే, చిన్నపిల్లల్లో సగం దాకా వెళుతుంది. కడుపు ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువ. ఒంట్లో ఇనుము తక్కువగా ఉన్నా ఎక్కువే, ఎందుకంటే ఇనుము కోసం ఆత్రంగా వెతికే పేగు సీసాన్ని కూడా లాక్కుంటుంది. ఇది మనకు వర్తించే మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో పదిమందిలో ఆరుగురికి పైగా, తెలంగాణలో ఏడుగురికి రక్తహీనత ఉంది. అంటే సీసం ఎవరిని ఎక్కువగా పడుతుందో, మన కిట్లు వెళ్లే ఇళ్లలో వాళ్లే ఎక్కువ. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక ప్రపంచంలో సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉందని అంచనా వేసింది. అందులో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలే.

సీసం కలిసిన పెట్రోలును మన దేశం 2000 సంవత్సరంలోనే ఆపేసింది కదా, మరి ఈ సీసం ఎక్కడిది? పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, రంగులు, కొన్ని వంటపాత్రలు, ఇలా చాలా దారులు ఉన్నాయి. పసుపు కూడా ఒక దారి అని తేలిన కథ మన పొరుగున బంగ్లాదేశ్‌లో మొదలైంది.

అక్కడి గ్రామీణ ప్రాంతాల్లో గర్భవతుల రక్తం పరీక్షిస్తే దాదాపు ముగ్గురిలో ఒకరికి సీసం ఎక్కువగా కనిపించింది. అవి పల్లెలు. ఫ్యాక్టరీలు లేవు, పెద్దగా వాహనాలు లేవు. ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక్కో అనుమానాన్నీ పట్టుకుని వెళ్లారు. పురుగుమందులా? ధాన్యం దాచే డబ్బాలకు వేసే అతుకులా? గర్భిణులు తినే మట్టా? పొలాల మట్టి, బియ్యం, మసాలాలు అన్నీ తెచ్చి పరీక్షించారు.

దొంగను పట్టిచ్చింది సీసం వేలిముద్ర. ప్రకృతిలో సీసానికి నాలుగు రకాల పరమాణువులున్నాయి, బరువులో కొద్దిపాటి తేడాతో. ఏ గనిలోంచి తీసిన సీసంలో ఏ రకం ఎంత పాళ్లలో ఉందో చూస్తే గనికీ గనికీ తేడా తెలుస్తుంది. రంగులో కలిసినా, రక్తంలో కలిసినా ఆ పాళ్లు మారవు. గర్భవతుల రక్తంలోని సీసం పాళ్లు పసుపులో దొరికిన సీసం పాళ్లతో సరిపోయాయి. 2019లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. పసుపు పండించే తొమ్మిది జిల్లాల్లో ఏడింటిలో కల్తీ ఆనవాళ్లు దొరికాయి.

కలిపినది లెడ్ క్రోమేట్. కుర్చీలకు, బల్లలకు, యంత్రాలకు వేసే పసుపు రంగుల్లో వాడే పొడి. దాని బరువులో దాదాపు 64 శాతం సీసమే. అక్కడి వ్యాపారులు దాన్ని 'పియూరి' అంటారు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను పాలిష్ పట్టే దశలో పైన చల్లుతారు. రంగు పట్టడంతో నాసిరకం కొమ్ము కూడా మొదటిరకంలా కనిపిస్తుంది. పైగా పాలిష్ ఎక్కువసేపు పట్టక్కర్లేదు కాబట్టి తూకం తరగదు. కలిపిన వాళ్లలో చాలామందికి అది విషమని తెలియదు. మెరిసే కొమ్మే కావాలని కొనేవాళ్లు అడుగుతున్నారు, వీళ్లు ఇస్తున్నారు.

ఇది ఎప్పుడు మొదలైందని పరిశోధకులు పాత వ్యాపారులను అడిగితే, 1980లలో వచ్చిన ఒక వరద గురించి చెప్పారు. పసుపు తడిసిపోయింది. ఎండబెట్టినా నల్లబడి, కళ తప్పింది. ఆ సరుకును అమ్ముకోవడానికి రంగు వేశారు. వరద తీసింది, అలవాటు మిగిలిపోయింది.

ఈ మాట చదివినప్పుడు మనలో చాలామంది జుమా ఖుత్బాల్లో విన్న సంఘటన గుర్తుకు రాకుండా ఉండదు. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి, లోపలికి చేయి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందని వ్యాపారి జవాబు. అలాంటప్పుడు తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు, మోసగాడు తమవాడు కాడని చెప్పారు. అక్కడ తడిసిన గింజ రాశి అడుగున ఉంది. ఇక్కడ తడిసిన కొమ్ము రంగు పొర అడుగున ఉంది. ఈ హదీసును మనం ఎక్కువగా వ్యాపారి నీతి గురించి చెప్పుకుంటాం. అందులో ఇంకో పని కూడా జరిగింది. ఆయన పైపైన చూసి వెళ్లిపోలేదు, చేయి లోపలికి పెట్టి చూశారు. పేదల పేరిట సరుకు కొనే మనబోటి సంస్థలు ఎన్ని ఆ పని చేస్తున్నాయి?

బంగ్లాదేశ్ ఆ పని చేసింది. అందుకే ఈ కథ చెప్పుకోదగ్గది. 2019లో అక్కడి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ రంగంలోకి దిగింది. పత్రికల్లో, టీవీల్లో హెచ్చరికలు ఇచ్చింది. మార్కెట్లలో వేల సంఖ్యలో నోటీసులు అంటించింది. చేతిలో పట్టుకునే ఎక్స్-రే పరికరంతో అధికారులు ఢాకాలోని శ్యాంబజార్ టోకు మార్కెట్‌కు వెళ్లారు. కొమ్ము మీద గురిపెడితే అందులో సీసం ఉందో లేదో అక్కడికక్కడే చెప్పే పరికరం అది. ప్రయోగశాల రిపోర్టు కోసం వారాలు ఆగనక్కర్లేదు. దొరికిన ఇద్దరు టోకు వ్యాపారులకు జరిమానా వేసి, సరుకు స్వాధీనం చేసుకున్నారు. అదంతా టీవీల్లో దేశమంతా చూసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించగా 2021 నాటికి ఒక్కదానిలోనూ కనిపించలేదు. పాలిష్ మిల్లుల్లో పనిచేసే కార్మికుల రక్తంలో సీసం సుమారు 30 శాతం తగ్గింది. ముప్పై ఏళ్లకు పైగా పాతుకుపోయిన కల్తీ రెండేళ్లలో పోయింది. చాలా కాలుష్యాల గురించి ఇలా చెప్పుకోలేం. మట్టిలోకి దిగిన లోహాన్ని బయటికి తీయడం తరాల పని. చేత్తో కలిపినదాన్ని మాత్రం కలపడం మానేస్తే చాలు.

ఇక మన దేశం సంగతి. అదే పరిశోధక బృందం భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాల్లోని 23 నగరాల నుంచి 356 పసుపు నమూనాలు తెచ్చి పరీక్షించి, 2024లో ఫలితాలు ప్రచురించింది. 14 శాతం నమూనాల్లో గ్రాముకు 2 మైక్రోగ్రాములకు మించి సీసం ఉంది. అన్ని ఊళ్లూ ఒకలా లేవు. చాలాచోట్ల పసుపు బాగానే ఉంది. పాట్నా, గువాహటి, కరాచీ, పెషావర్, ఖాట్మండు వంటి చోట్ల హద్దులు దాటింది. చెన్నై పేరు కూడా ఆ జాబితాలో ఉంది. పాట్నాలో దొరికిన ఒక నమూనాలో గ్రాముకు 2,000 మైక్రోగ్రాములకు పైగా ఉంది. బాగా పాలిష్ పట్టిన కొమ్ముల్లోనే కల్తీ ఎక్కువగా కనబడింది.

ఈ అంకెల అర్థం తెలియాలంటే కొంచెం లెక్క చేయాలి. మన దేశంలో పసుపులో సీసానికి చట్టం పెట్టిన హద్దు గ్రాముకు 10 మైక్రోగ్రాములు. లెడ్ క్రోమేట్ మాత్రం అసలు ఉండకూడదు. బంగ్లాదేశ్ హద్దు 2.5. ఆహారం ద్వారా పిల్లల ఒంట్లోకి వెళ్లే సీసం రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒక గీత గీసుకుంది. పప్పు, కూర, సాలన్ అన్నీ కలిపి మన పిల్లవాడు రోజుకు పావు గ్రాము పసుపు తిన్నాడనుకుందాం. పసుపు సరిగ్గా మన చట్టం హద్దులోనే ఉన్నా అతని కడుపులోకి 2.5 మైక్రోగ్రాములు వెళ్లినట్టే. గ్రాముకు 1,000 ఉన్న పసుపయితే రోజుకు 250 మైక్రోగ్రాములు, అంటే ఆ గీతకు వంద రెట్లు పైమాట. మన హద్దు మరీ వదులుగా ఉందని మా అభిప్రాయం. ఉన్న హద్దయినా అమలైతే ఇంత ఘోరం జరగదన్నది కూడా నిజం.

ఇదంతా చదివి పసుపే మానేద్దామని ఎవరూ అనుకోవద్దు. పసుపు మొక్క ఈ విషాన్ని తయారు చేయదు. నిజామాబాద్ వైపు, ఆర్మూరు వైపు, కృష్ణా డెల్టాలో దుగ్గిరాల చుట్టుపక్కల రైతులు తొమ్మిది నెలలు కష్టపడి పండించే పంట అది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. రైతు దుంపలను తవ్వి, ఉడకబెట్టి, రెండు మూడు వారాలు కళ్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పడతాడు. సహజంగా పాలిష్ అయిన కొమ్ముపై తొక్క గీతలు, మచ్చలు అక్కడక్కడా మిగులుతాయి. రంగు కొమ్ముకూ కొమ్ముకూ కొద్దిగా తేడాగా ఉంటుంది. బస్తాలోని కొమ్ములన్నీ ఒకే డబ్బాలో ముంచి తీసినట్టు ఒకే రంగులో మెరుస్తుంటే అక్కడ ఆగి ఆలోచించాలి. చేత్తో రుద్దితే వేళ్లకు చిక్కగా పసుపు అంటినా అంతే.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ సూచించింది. గాజు గ్లాసులో నీళ్లు పోసి పసుపు కొమ్ము వేయండి. మంచి కొమ్మయితే నీటికి రంగు వదలదు. రంగు పూసినదయితే వెంటనే వదులుతుంది. పొడికి వేరే పద్ధతి. గ్లాసెడు నీళ్లలో చెంచా పొడి వేసి కదపకుండా వదిలేస్తే, మంచి పొడి అడుగుకు దిగి పైనీరు లేత పసుపుగా ఉంటుంది. కృత్రిమ రంగు కలిస్తే నీరు ముదురు పసుపుగా మారుతుంది. ఈ పరీక్షలను నమ్మవలసింది ఒక పక్కనే. తప్పితే సరుకు తిప్పి కొట్టండి. గట్టెక్కితే మాత్రం సీసం లేదని అర్థం కాదు, ఎందుకంటే గ్రాముకు పదో ఇరవయ్యో మైక్రోగ్రాములు కంటికి కనబడవు. దానికి ప్రయోగశాలే దిక్కు.

చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం అధికారులే కాదు, సరుకు కొన్న ఎవరైనా రుసుం కట్టి దాన్ని ప్రభుత్వ ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. అలా చేయిస్తానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. నమూనా ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే కట్టిన రుసుం వెనక్కి ఇస్తారు. తెలంగాణ రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్ నాచారంలో ఉంది. ఒక్క కుటుంబానికి ఇది పెద్ద పనే. ఒక మసీదు కమిటీకో, మదర్సాకో, పెళ్లిళ్లకు వండే బావర్చీల సంఘానికో అయితే అంత కష్టం కాదు.

పసుపు గురించి ఇంత చెప్పి మన ఇళ్లలోనే ఉన్న ఇంకో సీసం గురించి చెప్పకపోతే తప్పవుతుంది. అది సుర్మా. ఇస్మిద్ సుర్మా గురించి హదీసుల్లో మంచి మాట ఉంది కాబట్టి పండుగనాడు పెద్దలు పెట్టుకుంటారు, పసిపిల్లల కళ్లకూ దిద్దుతారు. అరబ్బీలో ఇస్మిద్ అంటే ఆంటిమొనీ అనే లోహపు రాయి అని నేడు చెప్పుకుంటున్నారు. అయితే ఆ పేరుతో బజారులో దొరికే నల్లరాతి పొడి చాలాసార్లు గెలీనా, అంటే సీసపు ముడిఖనిజం అని అనేక దేశాల ప్రయోగశాలల్లో తేలింది. రెండూ నల్లగా మెరుస్తాయి, చూసి పోల్చలేం. పిల్లవాడు కన్ను నలుపుకుంటాడు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. సుర్మా కంటిలోంచి కడుపులోకి వెళ్లేది అలాగే. సున్నత్ మీద ప్రేమతో చేసే పనిని వద్దనడం మా ఉద్దేశం కాదు. సీసం లేదని పరీక్ష కాగితం చూపించలేని సుర్మాను పసిపిల్లల కళ్లకు పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాం. ఇది ఉలమాలతో కూర్చుని మాట్లాడవలసిన విషయం కూడా.

తర్వాత గిన్నెలు. దావత్‌లకు బిర్యానీ వండే రాగి దేగ్‌లకు కళాయి పూయిస్తాం. కళాయి అంటే తగరం. మంచి తగరం వల్ల భయం లేదు, పైగా అది పులుపుకు రాగి కరగకుండా కాపాడుతుంది. తగరం ఖరీదు ఎక్కువ, సీసం చవక, రెండూ తెల్లగానే ఉంటాయి. అందుకే కళాయి వేయించేటప్పుడు బేరమాడి పావలా తగ్గించుకోవడం కంటే తగరం కడ్డీ మనమే కొని ఇవ్వడం మేలు. అల్యూమినియం పాత్రల విషయంలో తుక్కు కరిగించి పోసినవి ప్రమాదం. పాత ఇంజన్ల ముక్కలు, వైర్లు, డబ్బాలు అన్నీ కలిపి కరిగించే చోట సీసం కూడా కలుస్తుంది. అమెరికాలో అఫ్ఘాన్ శరణార్థుల పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందని వెతికినప్పుడు వాళ్లు వెంట తెచ్చుకున్న అల్యూమినియం ప్రెషర్ కుక్కర్లు బయటపడ్డాయి. 2025లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం వంటి లోహాల దిగుమతి పాత్రలు కొన్నిటినుంచి సీసం ఆహారంలోకి దిగుతోందని హెచ్చరించింది. లోహాన్ని కరిగించేది పులుపు. దాల్చా, టమాటా కట్, చింతపండు పులుసు, బగారా బైంగన్ లాంటివి స్టీలు గిన్నెలోనో మట్టి కుండలోనో వండుకోవడం, కనీసం వండాక రాత్రంతా అల్యూమినియం గిన్నెలో ఉంచకపోవడం అందరికీ చేతనైన పనే.

మిగతా లోహాల గురించి రెండు ముక్కలు. బియ్యంలో ఆర్సెనిక్ సమస్య మనకంటే గంగా పరీవాహక ప్రాంతంలో, బంగ్లాదేశ్‌లో ఎక్కువ. అన్నాన్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చితే అందులోని విషపు ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా నీటితో పోతుంది. బిర్యానీకి బియ్యం వార్చే మన పద్ధతి ఈ లెక్కన మంచిదే, గంజితో కొన్ని విటమిన్లు పోతాయన్నది వేరే సంగతి. హైదరాబాద్ దాటాక మూసీ నీటితో పెరిగే గడ్డిలో, ఆకుకూరల్లో భార లోహాలు ఉన్నట్టు పలు పరిశోధనలు చూపాయి. కడిగితే పైనున్న మట్టి పోతుంది, వేరు పీల్చుకున్నది పోదు. అక్కడ చేయవలసింది గృహిణి కాదు, నదిలోకి మురుగు వదిలేవాళ్లు.

ఇంట్లో పిల్లవాడికి రక్తహీనత తగ్గకపోయినా, కారణం తెలియని కడుపునొప్పి, మలబద్ధకం ఉన్నా, మాటలు ఆలస్యమైనా, దగ్గర్లో బ్యాటరీలు కరిగించే పని జరుగుతున్నా రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టరును అడగండి. మామూలు రక్తపరీక్షలో ఇది ఉండదు, ప్రత్యేకంగా రాయించుకోవాలి. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే అమెరికా వైద్యులు కారణం వెతుకుతారు. బాగా ఎక్కువ ఉన్నప్పుడు మాత్రమే మందులు అవసరమవుతాయి, అవి ఆసుపత్రిలో ఇవ్వవలసినవి. ఒంట్లోని లోహాలు కడిగేస్తామని అమ్మే పొడులు, కషాయాల జోలికి వెళ్లవద్దు. వాటిలో కొన్నింట్లో సీసమే ఉంటుంది. సీసం వచ్చే దారి మూయడం, పిల్లలను ఖాళీ కడుపుతో బడికి పంపకపోవడం, తిండిలో ఇనుము, కాల్షియం ఉండేలా చూడటం అసలు వైద్యం. తోటకూర, పప్పు, గుడ్డు, పాలు, రాగిజావ, కుర్బానీ మాంసంలో ఓ ముక్క కాలేయం, వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఇక మన కిట్ సంగతి. ఈ ఏడాది పసుపు పొడి కొనడం లేదు. పాలిష్ తక్కువ పట్టిన కొమ్ములను ఒకేచోట, ఒకే లాట్‌గా తీసుకున్నాం. బస్తా బస్తాలోంచి, పైనుంచి కాకుండా అడుగు నుంచి కూడా, గుప్పెడు తీసి కలిపి నమూనా చేశాం. గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాం. నివేదిక వచ్చాకే సభ్యులు ఇద్దరు దగ్గరుండి గిర్నీలో పట్టిస్తారు. ప్రతి లాట్ నుంచి వంద గ్రాములు సీలు వేసి ఏడాదిపాటు దాచి ఉంచుతాం, కిందటేడులా చేతులు ఖాళీగా మిగలకుండా. పరీక్షకు కొన్ని వేలు అయ్యాయి. దాన్ని జకాత్ నిధి నుంచి తీయకూడదని, సాధారణ విరాళాల నుంచి ఇవ్వాలని కమిటీ నిర్ణయించింది. కిలోకు ధర కిందటేటి కంటే ఎక్కువే పడింది. అందువల్ల పావుకిలో బదులు రెండువందల గ్రాములే ఇవ్వగలుగుతున్నాం.

ప్యాకెట్ మీద తెలుగులో, ఉర్దూలో రెండు వాక్యాలు అచ్చు వేయిస్తున్నాం. ఈ పసుపు రంగు తక్కువగా ఉండటానికి కారణం పాతది కావడం కాదు, ఇందులో రంగు కలపకపోవడమే అని. కిందటేడు ప్యాకెట్ మార్పించుకున్న సోదరి పేరు ఈసారి జాబితాలోనూ ఉంది. ఆమె ఇంటికి మాత్రం కిట్‌తో పాటు మేమే వెళ్లి, గ్లాసు నీళ్లలో కొమ్ము వేసి చూపించి, ఆనాడు మార్చి ఇచ్చిన దాని గురించి కూడా చెప్పి రావాలనుకున్నాం. ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి ప్రయోగశాల నివేదిక ఇంకా చేతికి రాలేదు. వచ్చిన రోజునే దాన్ని సొసైటీ కార్యాలయం నోటీసు బోర్డు మీద పెడతాం, అందులో ఏమున్నా సరే.